డీఎన్ఏ రెండు పోగులూ ఒకేచోట తెగితే కణం దేన్ని చూసి అతుకుతుంది?

గోదారిగట్టు
సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నేను బీకాం వాణ్ణి, సైన్సు పదో తరగతితో సరి. అమ్మకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఇప్పుడు రేడియేషన్ నడుస్తోంది. మొత్తం 15 సిట్టింగులు, శని ఆదివారాలు సెలవు. ఇవాళ నాలుగోది. మిషన్ కింద ఉండేది పది నిమిషాలు, బయట కూర్చునేది రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ఫోన్లో చదివి చదివి ఇక్కడ తేలాను.

"ఇదంతా ఒక్కరోజే ఇచ్చేస్తే పోదాండీ" అని డాక్టర్ గారిని అడిగాను. "మంచి కణాలు రిపేర్ చేసుకోడానికి టైమ్ ఇవ్వాలి కదా" అన్నారు. నా వెనక ఇంకా ముప్పై మంది ఉన్నారు, ఇంకేం అడుగుతాను.

నాకు అర్థమైంది ఇదీ. డీఎన్ఏ రెండు పోగుల తాడు. ఆ పోగుల మీద నాలుగే అక్షరాలు: ఏ ఎదురుగా టీ, జీ ఎదురుగా సీ. ఒక పోగు పాడైతే ఎదుటి పోగుని చూసి సరిగ్గా రాసుకుంటుంది. ఇక్కడిదాకా ఓకే. కానీ రేడియేషన్ రెండు పోగుల్నీ ఒకేచోట తెంపేస్తుందట. అప్పుడు దేన్ని చూసి రాస్తుంది? లెడ్జరూ పోయి వోచర్లూ పోతే ఆడిటర్ ముందు మా ఆఫీసు పరిస్థితి ఏమిటో నాకు తెలుసు. మరి కణం ఏం చేస్తుంది?

ల్యాబ్‌కోటు
సోమవారం రాత్రి 10:20

శీను గారూ (ప్రొఫైల్లో పేరు చూశాను), మంచి చోట వేలు పెట్టారు. నేను పీహెచ్‌డీ నాలుగో ఏడు, దాదాపు ఇదే పని మీద ఉన్నాను.

కణం ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఏదీ చూడకుండా తెగిన రెండు కొసల్నీ పట్టుకుని అతికేయడం. రెండోది, అదే రాత ఉన్న ఇంకో ప్రతిని వెతికి, దాన్ని చూసి రాసుకోవడం.

మొదటి దారి ఎలా నడుస్తుందంటే, కూ అనే ప్రోటీన్ ఉంగరంలా ఉంటుంది. నిజంగా నడిమధ్య కన్నం ఉన్న ఉంగరమే. తెగిన కొస కనిపించగానే దానికి తొడుక్కుని కూర్చుంటుంది. ఒక్కో మనిషి కణంలో ఇవి నాలుగు లక్షల వరకు ఉంటాయి, కాబట్టి కొస తెగిన సెకన్లలోనే దొరికిపోతుంది. పేరు వింతగా ఉంది కదా, 1981లో జపాన్‌లో ఒక రోగి రక్తంలో దీనికి వ్యతిరేకంగా యాంటీబాడీలు దొరికాయి, ఆ రోగి పేరులో మొదటి రెండక్షరాలే దీని పేరయ్యాయి. కూ వచ్చి డీఎన్ఏ-పీకే అనే పెద్ద ఎంజైమ్‌ని పిలుస్తుంది. కొసలు శుభ్రంగా తెగి ఉండవు, చివర్లు కాలిపోయినట్టు పాడై ఉంటాయి. ఆర్టెమిస్ లాంటివి వాటిని కత్తిరించి సాఫు చేస్తాయి. చివరికి లైగేజ్ 4 అనే ఎంజైమ్ వచ్చి కలుపుతుంది. మొత్తం పని చాలావరకు ఒకటి రెండు గంటల్లోనే అయిపోతుంది.

రెండో దారి రేపు రాస్తాను, రాత్రి ఇంక్యుబేటర్లో కణాలు పెట్టాలి.

డల్లాస్_బాబాయి
సోమవారం రాత్రి 11:05

దీనికే 2015లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. లిండాల్, మోడ్రిచ్, సన్కార్. గూగుల్ చేస్తే అన్నీ ఉంటాయి తమ్ముడూ. అన్నట్టు అమ్మగారికి పసుపు క్యాప్సూల్స్ ఇవ్వండి, డీఎన్ఏ రిపేర్ బూస్ట్ అవుతుంది.

రేడియో_మామ
మంగళవారం ఉదయం 6:10

బాబాయి గారూ, పసుపు కూరలో వేసుకుంటే ఎవరూ కాదనరు. క్యాప్సూల్స్ మాత్రం రేడియేషన్ నడుస్తుండగా డాక్టరుకి చెప్పకుండా మింగించకండి. రేడియేషన్ పని సగానికి పైగా నీళ్ళమీదే జరుగుతుంది. కణంలో నీటి అణువులు చీలి ఫ్రీ రాడికల్స్ పుడతాయి, అవి వెళ్ళి డీఎన్ఏని కొడతాయి. ఆ రాడికల్స్‌ని పట్టేసే, పసుపు లాంటి యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు డోసు మీద డోసు వేసుకుంటే ఏ కణాన్ని కాపాడుతున్నామో చెప్పడం కష్టం.

నేను ముప్పై ఏళ్ళు రేడియేషన్ విభాగంలో ఫిజిసిస్టుగా చేసి రిటైరయ్యాను. శీనూ, లెక్కలవాడివి కాబట్టి నీకు లెక్కలోనే చెబుతాను. డోసుని గ్రేల్లో కొలుస్తాం. 1 గ్రే పడితే ఒక్కో కణంలో ఒంటి పోగు తెగడాలు వెయ్యి దాకా జరుగుతాయి. రెండు పోగులూ తెగేవి 20 నుంచి 40 మాత్రమే. ఆ వెయ్యి గురించి ఎవరూ పెద్దగా భయపడరు, నువ్వన్నట్టు ఎదుటి పోగు ఉంది. కణం చావు బతుకులు తేలేది ఈ 20, 40 దగ్గరే.

15 సిట్టింగులంటే అమ్మకి మొత్తం 40 గ్రే ఇస్తున్నట్టుంది. అంటే రోజుకి 2.67. ఒక్కో కణంలో రెండు పోగులూ తెగేవి యాభై నుంచి నూరు దాకా. ఇదివరకు 25 సిట్టింగుల్లో 50 గ్రే ఇచ్చేవాళ్ళం. బ్రిటన్‌లో పెద్ద ఎత్తున పరీక్షలు చేసి 15 చాలని తేల్చాక మనవాళ్ళూ మారారు.

ల్యాబ్‌కోటు
మంగళవారం ఉదయం 8:30

బాబాయి గారూ, ఆ నోబెల్ వేరే సంగతికి. లిండాల్‌ది పాడైన ఒక్కో అక్షరాన్ని తీసి వేయడం, సన్కార్‌ది ఎండకి అతుక్కుపోయిన అక్షరాల ముక్కని కోసి తీయడం, మోడ్రిచ్‌ది కాపీ కొట్టేటప్పుడు దొర్లిన తప్పులు దిద్దడం. మూడూ ఒక పోగు పాడైతే చేసే పనులే, మూడింటికీ ఎదుటి పోగే ఆధారం. శీను గారు అడిగింది సరిగ్గా ఆ మూడూ పనికిరాని చోటు.

డల్లాస్_బాబాయి
మంగళవారం ఉదయం 8:41

ఓకే ఓకే, కరెక్టే. నేను హెడ్‌లైన్ చూసి రాశాను.

పోచంపల్లి_పోగు
మంగళవారం మధ్యాహ్నం 1:15

ఇది చదువుతుంటే మా ఇంట్లో సంగతిలా ఉంది. మా నాన్న మగ్గం నేస్తాడు, మాది ఇక్కత్. మగ్గం మీద పోగు తెగితే నాన్న ఆగడు. రెండు కొసలూ నాలుక మీద తడిపి, పురెట్టి, ముడేసి, మళ్ళీ ఆడిస్తాడు. పావు నిమిషం పని. మొదటి దారి అదే కదా?

తెల్ల పోగైతే ఎవరికీ ఏమీ తెలియదు. కానీ మా పోగులు నేతకి ముందే రంగు అద్దినవి. ఎక్కడ ఎరుపు ఆగి ఎక్కడ తెలుపు మొదలవ్వాలో పోగు మీదే ఉంటుంది. తెగినచోట పీచు లేచి కొంచెం కత్తిరించి ముడేశావనుకో, అక్కడినుంచి రంగు జరుగుతుంది. అప్పుడు పక్క పోగుని చూసి సరిచేసుకోవాలి. మీ రెండో దారి ఇదేనా ల్యాబ్‌కోటు అక్కా?

ల్యాబ్‌కోటు
మంగళవారం రాత్రి 9:50

ఇదే. మా క్లాసులో ఎవరూ ఇంత బాగా చెప్పలేదు. ఒక్క తేడా, మీకు పక్క పోగు ఎప్పుడూ పక్కనే ఉంటుంది, కణానికి ఎప్పుడూ ఉండదు.

కణం రెండుగా చీలబోయే ముందు తన డీఎన్ఏ అంతా కాపీ తీసుకుంటుంది. అప్పట్నుంచి చీలేదాకా ఒక్కో క్రోమోజోమ్‌కీ అచ్చు గుద్దినట్టుండే జంట ప్రతి పక్కనే అతుక్కుని ఉంటుంది. ఆ కొద్ది గంటల్లోనే రెండో దారి తెరుచుకుంటుంది. మిగతా సమయంలో, అసలు విభజనే లేని నరాల కణాల్లాంటి వాటిలో, ముడివేయడమే గతి.

రెండో దారిలో ముందు జరిగేది చూస్తే పిచ్చి పని అనిపిస్తుంది. ఎంఆర్ఎన్ అనే మూడు ప్రోటీన్ల జట్టు వచ్చి తెగిన కొసల్లో ఒక్కో పోగుని నమిలేస్తుంది. అసలే తెగింది, ఇంకా తింటున్నారేంటి అనుకుంటాం. రెండో పోగు ఒంటరిగా, తోకలా, బయటికి రావాలి. ఆ తోక మీద రాడ్51 అనే ప్రోటీన్ వరసగా పేరుకుంటుంది. దాన్ని అక్కడ కూర్చోబెట్టేది బీఆర్‌సీఏ2 అనే ఇంకో ప్రోటీన్. ఇప్పుడా తోక వెళ్ళి జంట ప్రతిలో తనకి సరిపోయే చోటు వెతుక్కుంటుంది. 600 కోట్ల పైచిలుకు అక్షరాల్లో! దొరకగానే ఆ జంట ప్రతి రెండు పోగుల మధ్య దూరి, చూసి రాసుకుని, బయటికి వచ్చి, అవతలి కొసతో కలుస్తుంది. గంటలు పడుతుంది, కానీ ఒక్క అక్షరం పోదు.

రెండు కొసలూ ఇలా దూరి కలుస్తాయని 1983లో షోస్టాక్, ఓర్-వీవర్, రాత్‌స్టైన్, స్టాల్ ఈస్ట్ మీద చేసిన పనితో ఒక నమూనా గీశారు. షోస్టాక్‌కి తర్వాత 2009లో నోబెల్ వచ్చింది, కానీ అది టెలోమియర్లకి, అంటే క్రోమోజోమ్ చివర్ల పనికి. ఈ రిపేరుకి నేరుగా ఇంకా రాలేదనే నా బాధ.

ఇంటర్_బైపీసీ
బుధవారం సాయంత్రం 5:30

అక్కా, మా నోట్సులో మొదటి దారి "తప్పులతడక", రెండోది "తప్పులేనిది" అని ఉంది. అంటే మొదటిది చెడ్డదే కదా? ఎగ్జామ్‌లో అలానే రాయనా?

ల్యాబ్‌కోటు
బుధవారం రాత్రి 10:05

ఎగ్జామ్‌లో అలానే రాయి తమ్ముడూ, మార్కులు ముఖ్యం. కానీ నమ్మకు.

ఆ పేరు ఎందుకొచ్చిందో చెబుతాను. క్రిస్పర్ తెలుసు కదా, జన్యువుల్లో కావాల్సిన చోట మార్పులు చేసే పద్ధతి, 2020 నోబెల్. అందులో క్యాస్9 అనే కత్తెర చేసేది ఒక్కటే పని, ఫలానా చోట రెండు పోగుల్నీ తెంపడం. అతికేది కణమే. అతికాక చూస్తే ఎక్కడ చూసినా నాలుగక్షరాలు పోయో, ఒకటి ఎక్కువొచ్చో కనిపిస్తాయి. అందుకని "చూశారా, ముడి దారి ఎంత తప్పులతడకో" అంటారు. కానీ ఆలోచించు. కణం సరిగ్గా అతికితే ఆ చోటు మళ్ళీ మొదట్లాగే అవుతుంది. కత్తెర ఇంకా అక్కడే ఉంది, మళ్ళీ తెంపుతుంది. మళ్ళీ సరిగ్గా అతికితే మళ్ళీ తెంపుతుంది. ఎప్పుడో ఒకసారి తప్పు జరిగితేనే కత్తెర ఆ చోటుని గుర్తుపట్టలేక వదిలేస్తుంది. మనం చివర్లో చూసేది ఆ తప్పుని మాత్రమే. పదిసార్లు ఒప్పు చేసినవాణ్ణి పదకొండోసారి పట్టుకుని దొంగ అన్నట్టు.

రేడియేషన్‌కి తెగినచోట చివర్లు పాడవుతాయి కాబట్టి ఒకటి రెండక్షరాలు పోవడం మామూలే, కాదనను. కానీ మన డీఎన్ఏలో ప్రోటీన్లకి రాత ఉన్నది రెండు శాతం కూడా లేదు. ఎక్కువసార్లు ఆ పోయినవి తెల్ల పోగులో ముడిలాగే.

తప్పులతడక అనాల్సింది మూడో దారిని. పోల్ థీటా అనే ఎంజైమ్ నడిపేది. తెగిన చోటికి అటూ ఇటూ నాలుగైదు అక్షరాలు ఒకేలా ఉన్న చోట్లు చూసి, వాటిని కలిపి, మధ్యలోదంతా కోసి పారేస్తుంది. మిగతా రెండూ మూతపడితే కణం దీన్ని పట్టుకుంటుంది.

రేడియో_మామ
గురువారం ఉదయం 6:05

ల్యాబ్‌కోటు గారితో ఒకచోట విభేదిస్తాను. ముడి దారిలో అక్షరం పోవడం అసలు ప్రమాదం కాదు, ఒప్పుకుంటాను. అసలు ప్రమాదం ఆవిడ చెప్పలేదు. ఈ దారి ఏదీ చూడదు కదా? అంటే తను పట్టుకున్న రెండు కొసలూ ఒకే పోగువా కాదా అన్నది కూడా చూడదు. ఒకేసారి రెండుచోట్ల తెగితే నాలుగు కొసలు. దీని తల దానికి, దాని తోక దీనికి కలవచ్చు. తొమ్మిదో క్రోమోజోమ్ ముక్కా 22వ క్రోమోజోమ్ ముక్కా అలా తారుమారై అతుక్కుంటే వచ్చేదే ఒక రకం బ్లడ్ క్యాన్సర్, సీఎంఎల్. ఫిలడెల్ఫియాలో 1960లోనే ఆ పొట్టి క్రోమోజోమ్‌ని చూశారు. అది తారుమారు వల్ల వచ్చిందని జానెట్ రౌలీ 1973లో తేల్చారు.

శీనూ, నువ్వడిగిన "ఒక్కరోజే ఇస్తే పోదా"కి జవాబు ఇక్కడుంది. ఒక్కచోటే తెగితే రెండే కొసలు, తప్పుగా కలవడానికి ఇంకోటి ఉండదు. తెగిన చోట్లు పెరిగేకొద్దీ తప్పు జోడీలు వాటి వర్గంతో పెరుగుతాయి. రోజువారీ డోసుని 1 అనుకో. 15 రోజులు విడివిడిగా ఇస్తే, ఇవాల్టివి రేపటికి అతుక్కుపోతాయి కాబట్టి, తప్పు జోడీల లెక్క 15 సార్లు 1, అంటే 15. ఒక్కరోజే ఇస్తే 15 వర్గం, 225. మంచి కణం మీద పడే భారం 15 రెట్లు. నిజం లెక్కలో దీనికి ఇంకో భాగం ఉంది, డోసుతో సూటిగా పెరిగేది. అది ఎలా పంచినా మారదు. కానీ సారం ఇదే. రోజుకి రెండుసార్లు ఇవ్వాల్సి వస్తే కూడా మధ్యలో కనీసం ఆరుగంటలు ఆపుతాం.

గోదారిగట్టు
గురువారం రాత్రి 8:20

మాస్టారూ, 225 దగ్గర నాకు లైటు వెలిగింది. ఇవాళ ఏడోది. అమ్మకి చర్మం కొంచెం ఎర్రబడింది, మామూలేనన్నారు.

మరి క్యాన్సర్ కణాలకీ అదే టైమ్ దొరుకుతోంది కదా? అవి అతుక్కోవా?

ల్యాబ్‌కోటు
శుక్రవారం మధ్యాహ్నం 3:40

అవీ అతుక్కుంటాయి, కాకపోతే చాలావాటికి ఆగే అలవాటు పోయి ఉంటుంది. మంచి కణంలో తెగగానే ఏటీఎం అనే ఎంజైమ్ గంట కొడుతుంది (డబ్బులు రావు, దాని పేరే అంత. అది పుట్టుకతో పాడైన పిల్లలకి నడక తూలుతుంది, వాళ్ళ ఒళ్ళు రేడియేషన్‌ని అసలు తట్టుకోదు). ఆ గంటకి పీ53 అనే ప్రోటీన్ లేచి, అతుకు అయ్యేదాకా విభజన ఆపుతుంది. చాలా క్యాన్సర్లలో పీ53 పాడై ఉంటుంది. తెగిన క్రోమోజోమ్‌తోనే చీలడానికి పోతాయి. పట్టుకుని లాగడానికి పిడి లేని ముక్క నడిమధ్య వదిలిపోతుంది, దాంతోపాటు వందల జన్యువులు. రెండు మూడు విభజనల్లో కణం చస్తుంది. అందుకే గడ్డ సిట్టింగులయ్యాక కూడా వారాల తరబడి కరుగుతూ ఉంటుంది.

ఇవాళ నేను చూసింది చెబుతాను. ఏటీఎం గంట కొట్టినప్పుడు, తెగిన చోటికి అటూ ఇటూ పది లక్షల అక్షరాల మేర, డీఎన్ఏ చుట్టుకునే హెచ్2ఏఎక్స్ అనే ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ గుర్తులు పడతాయి. 1998లో విలియం బోనర్ బృందం కనిపెట్టింది. ఆ గుర్తుకి అంటుకునే యాంటీబాడీ వేస్తే తెగిన ప్రతిచోటా ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది.

చర్మ కణాలకి 1 గ్రే ఇచ్చి మూడు గాజు పలకలు చేశాను. చీకటి గదిలో మైక్రోస్కోప్ ముందు కూర్చుంటే, అరగంట పలకలో ఒక్కో నీలి కేంద్రకం నిండా చుక్కలే, కార్తీక మాసం కోనేరులా. లెక్కపెడితే పాతిక, ముప్పై. ఒకదాని మీద ఒకటి పడి కొన్ని లెక్కకి అందవు. ఆరుగంటల పలకలో ఐదారు. ఇరవై నాలుగు గంటలది పెట్టి చూస్తే చాలా కేంద్రకాలు ఒట్టి నీలం. అక్కడక్కడా ఒకటి, రెండు, కొంచెం లావుగా. ఆ మొండి చుక్కల మీదే నా థీసిస్.

మీ అమ్మగారి సోమవారానికీ మంగళవారానికీ మధ్య జరిగేది ఇదే శీను గారూ.

కొత్త_సభ్యురాలు
శనివారం ఉదయం 11:00

చదువుతూనే ఉన్నాను, రాయక తప్పలేదు. మా అక్కకి అండాశయ క్యాన్సర్, బీఆర్‌సీఏ1 పాజిటివ్. ఓలాపరిబ్ రాశారు. ఇది రిపేరుని ఆపే మందట. అసలే రిపేరు పాడై వచ్చిన జబ్బుకి రిపేరు ఆపే మందేమిటో నాకు బోధపడలేదు.

ల్యాబ్‌కోటు
శనివారం మధ్యాహ్నం 12:30

బీఆర్‌సీఏ1 కూడా బీఆర్‌సీఏ2 లాగే రెండో దారికి కావాల్సిన జన్యువు. మీ అక్కగారి ఒంట్లో మామూలు కణాలన్నింటికీ బీఆర్‌సీఏ1 ఒక ప్రతి పాడైనది, ఒకటి మంచిది. అది చాలు, రెండో దారి నడుస్తుంది. గడ్డలోని కణాలు ఆ మంచిదాన్ని కూడా పోగొట్టుకున్నవి. వాటికి రెండో దారి మూసుకుపోయింది.

ఓలాపరిబ్ ఆపేది పార్ప్ అనే ఎంజైమ్‌ని. అది ఒక్క పోగే తెగిన చోట్లు చూసుకునేది. మందు వేస్తే ఆ తెగిన చోట్లు అలాగే ఉండిపోతాయి, పార్ప్ కూడా వాటి మీదే ఇరుక్కుపోతుంది. డీఎన్ఏ కాపీ తీసే యంత్రం అక్కడికొచ్చి కూలబడుతుంది, అక్కడ ఒంటి కొస ఒకటి మిగులుతుంది. ముడేయడానికి దానికి అవతలి కొసే లేదు! జంట ప్రతిని చూసి రాసుకోవడం ఒక్కటే దారి. మామూలు కణం ఆ దారిన బయటపడుతుంది. గడ్డ కణం బయటపడలేదు. 2005లో రెండు బృందాలు ఇది చూపించాయి, 2014లో అమెరికాలో మందుకి అనుమతి వచ్చింది.

ఇంకో మాట. బీఆర్‌సీఏ వంశంలో వస్తుంది. మీరూ జెనెటిక్ కౌన్సెలింగ్‌కి ఒకసారి వెళ్ళండి, భయపెట్టడానికి కాదు. శీను గారూ, మీ ఇంట్లో కూడా ఇంకెవరికైనా క్యాన్సర్ ఉంటే డాక్టరుకి చెప్పండి.

డల్లాస్_బాబాయి
శనివారం రాత్రి 9:15

ఈసారి హెడ్‌లైన్ కాదు, మొత్తం చదివే అడుగుతున్నా. ముడి దారినే ఆపేసే మందు మన బెంగళూరు ఐఐఎస్సీవాళ్ళు చేశారు కదా, ఎస్‌సీఆర్7?

ల్యాబ్‌కోటు
శనివారం రాత్రి 10:40

చేశారు బాబాయి గారూ, 2012లో. లైగేజ్ 4ని ఆపుతుందని. క్రిస్పర్‌వాళ్ళు కూడా 2015లో, ముడి దారి మూస్తే కణం చూసి రాసుకునే దారికి వస్తుందని, దాన్ని వాడి చూశారు. 2016లో ఇంకో బృందం ఇది లైగేజ్ 4ని ప్రత్యేకంగా ఆపట్లేదని రాసింది. ఆ వాదన తెలిసి వాడటం మంచిది. మన దేశంవాళ్ళది కదా అని నేను పక్షం తీసుకోను.

ఇంటర్_బైపీసీ
ఆదివారం ఉదయం 10:10

అక్కా లాస్ట్ డౌట్. డీఎన్ఏ తెగడం ఇంత ప్రమాదమైతే, ఒంట్లో కావాలని తెంపుకునేవి ఉంటాయా?

ల్యాబ్‌కోటు
ఆదివారం ఉదయం 11:25

ఉంటాయి. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు స్పో11 అనే ఎంజైమ్ కావాలనే వందలచోట్ల తెంపుతుంది. అమ్మ నుంచి వచ్చిన క్రోమోజోమూ నాన్న నుంచి వచ్చినదీ ముక్కలు మార్చుకోడానికి. నువ్వూ మీ అన్నా ఒకేలా లేకపోవడానికి అదొక కారణం. తెల్లరక్తకణాలు యాంటీబాడీ జన్యువుల్ని ర్యాగ్ ఎంజైములతో తెంపి, ముడి దారితోనే కొత్తగా కూర్చుకుంటాయి. ఆర్టెమిస్ లేకుండా పుట్టిన పిల్లలకి రోగనిరోధక శక్తే ఉండదు. ముడి దారిని చెడ్డది అనకు అన్నది అందుకే.

గోదారిగట్టు
బుధవారం రాత్రి 9:05

ఇవాళ పదకొండోది. బయట కూర్చున్నంతసేపూ మీరు చెప్పినదంతా అమ్మకి చెప్పాను, పోగులూ ముడులూ అంటూ. అంతా విని ఒకటే అడిగింది: "మరి ముడేసిన చోట అంత గట్టిగా ఉంటుందంట్రా? మళ్ళీ అక్కడే తెగదూ?" నా దగ్గర జవాబు లేదు.

పోచంపల్లి_పోగు
బుధవారం రాత్రి 9:20

మాకైతే ముడి దగ్గర అచ్చు పళ్ళలో తట్టుకుంటుంది అన్నా. మళ్ళీ తెగేది చాలాసార్లు అక్కడే.

ల్యాబ్‌కోటు
బుధవారం రాత్రి 10:10

ఇక్కడే కణం మగ్గం కాదు. ముడి అన్నది మనం అనుకున్న మాటే, అక్కడ ముడి ఉండదు. లైగేజ్ 4 వేసేది మిగతా పోగంతా దేంతో కలిసి ఉందో అదే బంధం, చక్కెరకీ ఫాస్ఫేట్‌కీ మధ్య. అతుకు పడ్డాక అది ఎక్కడో వెతికినా దొరకదు, అక్షరం పోతే తప్ప. మిగతా పోగెంత గట్టో అదీ అంతే. అమ్మగారికి చెప్పండి.

గోదారిగట్టు
గురువారం సాయంత్రం 6:40

చెప్పాను. "అయితే సరే" అంది. ఇంకా మూడున్నాయి.